గాలికి ఎదురు వెళ్లే పడవ

జులై నెలలో ఒక సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్ సాగర్ వైపు చూడండి. నైరుతి రుతుపవనాల కాలం. గాలి పడమటి నుంచి, అంటే నెక్లెస్ రోడ్డు వైపు నుంచి వచ్చి మీ ముఖానికి కొడుతుంది. బండ్ మీద నడిచేవాళ్ల చున్నీలు, కండువాలు తూర్పు దిక్కుకే ఎగురుతుంటాయి. అదే సమయంలో నీటి మీద కొన్ని తెల్లని తెరచాపలు కనిపిస్తాయి. ఆ పడవలకు ఇంజన్ లేదు. తెడ్డు వేసే మనిషీ లేడు. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని పది నిమిషాలు చూపు తిప్పకుండా గమనించండి. కాస్త కుడికి, కాస్త ఎడమకు వంకర్లు తిరుగుతూ అది బుద్ధ విగ్రహాన్ని దాటి నెక్లెస్ రోడ్డు వైపు వెళ్లిపోతుంది. గాలి ఎటు నుంచి వస్తోందో అటే వెళుతుంది!

నిలకడ లేని మనిషిని మనం గాలివాటం మనిషి అంటాం. గాలి మీద ఆధారపడినది గాలి పోయే దిక్కుకే పోవాలి అన్న నమ్మకం ఆ మాటలో ఉంది. తెరచాప పడవ ఆ నమ్మకాన్ని కళ్లముందే తప్పని చూపిస్తుంది. దానికి ఉన్న ఏకైక బలం గాలి. ఆ గాలికే ఎదురు వెళ్లడానికి అదే గాలిని వాడుకుంటుంది. ఇది ఎలా సాధ్యం? సెయిలింగ్ నేర్చుకోవాలనుకునేవారికి ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగిలిన పాఠాలన్నీ దాని వెనకే వస్తాయి.

గాలి తోస్తే చాలదా?

గాలికి అడ్డంగా ఒక గుడ్డ కడితే గాలి దాన్ని ముందుకు తోస్తుంది. ఈ సంగతి మనిషికి వేల ఏళ్లుగా తెలుసు. మన తీరంలోనూ ఓడల చరిత్ర పాతదే. శాతవాహనుల నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. ఆ కాలపు వర్తకులకు గాలి వ్యాపార భాగస్వామి. ఒక రుతుపవనంతో బయల్దేరి, రెండో రుతుపవనం తిరిగి వీచేదాకా పరాయి రేవులో నెలల తరబడి ఆగి, దానితో ఇంటికి వచ్చేవారు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్న సామెత రైతుకే కాదు, ఆ నావికుడికీ వర్తించేది.

అయితే తోపుడుకు ఒక హద్దు ఉంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తుంటే పడవ 20 కిలోమీటర్లను దాటలేదు. వేగం పెరిగేకొద్దీ పడవలోని మనిషికి తగిలే గాలి తగ్గిపోతుంది. పడవ, గాలి ఒకే వేగంతో పోయే చోట తెరచాప వడలిపోయి వేలాడుతుంది. తోపుడు మీదే ఆధారపడితే గాలికి ఎదురు వెళ్లడం సరే, గాలిని అందుకోవడం కూడా కుదరదు. కాబట్టి హుస్సేన్ సాగర్ మీద కనిపించిన పడవ వేరే సూత్రం మీద నడుస్తోంది.

పడవలో ఏమేం ఉంటాయి?

సూత్రం కంటే ముందు పడవను పరిచయం చేసుకుందాం. ప్రపంచంలో ఎక్కువమంది నేర్చుకునే ఒంటరి మనిషి పడవల్లో లేజర్ ఒకటి. ఇప్పుడు దాన్ని ఐఎల్‌సీఏ అని పిలుస్తున్నారు. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ దీని రూపకర్త. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పొడవు 4.23 మీటర్లు. పడవ ఒంటి బరువు 59 కిలోలు. పెద్ద తెరచాప వైశాల్యం 7.06 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న గది నేలంత.

పడవ మధ్యలో కాస్త ముందుకు నిలువుగా నిలబడేది స్తంభం. దాని అడుగు భాగం నుంచి వెనక్కి అడ్డంగా చాచిన కొయ్యను బూమ్ అంటారు. ఈ రెండింటి మధ్య తెరచాప బిగించి ఉంటుంది. బూమ్‌ను లోపలికి లాగడానికో, బయటికి వదలడానికో వాడే తాడును షీట్ అంటారు. ఆ పేరు వినగానే దుప్పటి గుర్తొస్తుంది గానీ పడవలో షీట్ అంటే తాడే. వెనక నీటిలో ఉండేది చుక్కాని. దాన్ని తిప్పే చేతికర్ర టిల్లర్. టిల్లర్‌ను ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. మొదటి రోజు అందరూ తడబడేది ఇక్కడే. రెండు మూడు రోజుల్లో చేతికే అలవాటవుతుంది.

ఇక చాలామంది కంటికి ఆననిది ఒకటుంది. పడవ నడుమ ఉన్న చీలిక గుండా నీటిలోకి దించిన సన్నని పలక. చిన్న పడవల్లో దీన్ని డాగర్‌బోర్డ్ అంటారు. పెద్ద పడవల్లో అడుగున శాశ్వతంగా ఉండే బరువైన రెక్కను కీల్ అంటారు. గాలికి ఎదురు వెళ్లే రహస్యంలో సగం తెరచాపలో ఉంటే, మిగిలిన సగం నీటి కింద కనపడకుండా ఉండే ఈ పలకలో ఉంది.

చెంచా చెప్పే పాఠం

వంటింట్లోకి వెళ్లి కుళాయిని సన్నని ధార పడేలా తిప్పండి. ఒక చెంచా కాడ చివరను రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని వేలాడనివ్వండి. చెంచా ఉబ్బెత్తు వీపును మెల్లగా ధారకు ఆనించండి. నీరు చెంచాను పక్కకు నెట్టేస్తుందని అనుకుంటాం. జరిగేది అందుకు పూర్తిగా భిన్నం. ధార చెంచాను తన లోపలికి లాక్కుంటుంది. వేళ్లకు ఆ లాగుడు స్పష్టంగా తెలుస్తుంది.

ధారను జాగ్రత్తగా చూస్తే కారణం కనిపిస్తుంది. చెంచా వంపును అంటిపెట్టుకుని జారిన నీరు కొసకు వచ్చేసరికి తిన్నగా కిందికి పడకుండా ఒక పక్కకు మళ్లుతుంది. చెంచా నీటిని ఒక వైపు మళ్లించింది కనుక నీరు చెంచాను రెండో వైపుకు లాగింది. ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ చెప్పిన మూడో సూత్రం ఇదే.

తెరచాప కూడా అలాంటి చెంచాయే. చదునైన గుడ్డలా కనిపిస్తుంది గానీ నిజానికి అది చదునుగా ఉండదు. దర్జీ రవికెకు డార్టులు వేసి గుండ్రం తెచ్చినట్టే, తెరచాప కుట్టేవారు గుడ్డ ముక్కల అంచులను వంపుగా కత్తిరించి కలుపుతారు. గాలి నిండగానే అది పక్షి రెక్కలా వంగుతుంది. స్తంభం వైపు అంచును తాకిన గాలి రెండు పాయలై, వంపు వెంట రెండు పక్కలా జారి, వెనక అంచు దగ్గర దిక్కు మార్చుకుని వెళుతుంది. తెరచాప గాలిని మళ్లించింది. గాలి తెరచాపను ఉబ్బెత్తు వైపుకు లాగింది. పీడనం లెక్కలో చెప్పుకున్నా ఇదే విషయం తేలుతుంది. ఉబ్బెత్తు వైపు గాలి వేగంగా పారి పీడనం తగ్గుతుంది. గుంట వైపు పీడనం కొంచెం ఎక్కువగా ఉంటుంది. విమానం రెక్కను గాలిలో నిలబెట్టేదీ ఈ తేడాయే. తెరచాప అంటే నిలువుగా నిలబెట్టిన రెక్క.

ఇక్కడ ఒక పొరపాటు వివరణ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఉబ్బెత్తు వైపు దారి పొడవు కనుక, రెండు పాయలూ ఒకేసారి చివర కలవాలి కనుక, అటు గాలి వేగంగా పోతుందని అంటారు. రెండు పాయలూ ఒకేసారి కలవాలన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. కొలిచి చూస్తే ఉబ్బెత్తు వైపు గాలి ముందే చేరిపోతుంది. గాలి మళ్లుతోంది, అందుకే బలం పుడుతోంది. ఈ మాట గుర్తుంచుకుంటే చాలు.

ఆ బలం ఎంత? 10 నాట్ల గాలిలో, అంటే గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల వేగంలో, లేజర్ తెరచాప మీద పుట్టే బలం సుమారు 11 కిలోల బరువుకు సమానం. గాలి 20 నాట్లకు పెరిగితే బలం రెట్టింపై ఆగదు. నాలుగు రెట్లై 45 కిలోల దగ్గరికి పోతుంది. గాలి బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. గాలి కొంచెమే పెరిగిందిలే అనుకునే కొత్తవారు ఈ లెక్కను మనసులో పెట్టుకోవాలి.

దారం తెగిన గాలిపటం

తెరచాప మీద పుట్టిన బలం ఎటు లాగుతుంది? పడవ గాలికి ఏటవాలుగా ముఖం పెట్టినప్పుడు ఆ బలంలో ఎక్కువ భాగం పక్కకు, కొద్ది భాగం మాత్రమే ముందుకు ఉంటుంది. అడ్డు లేకపోతే పడవ పక్కకు కొట్టుకుపోతుంది.

సంక్రాంతి రోజుల్లో గాలిపటం ఎగరేసిన ప్రతి ఒక్కరికీ ఒక విషయం తెలుసు. దారం బిగువుగా ఉన్నంతసేపు గాలిపటం గాలిని నిలదీసి పైకి లేస్తుంది. దారం తెగిన క్షణంలో దాని బలమంతా పోయి గాలి ఎటు తీసుకెళితే అటు తూలిపోతుంది. గాలి మారలేదు, కాగితం మారలేదు. పోయింది పట్టు ఒక్కటే. కట్టిపడేసినట్టు కనిపించిన దారమే గాలిపటాన్ని పైకెత్తింది.

పడవకు ఆ దారం డాగర్‌బోర్డ్. ముక్కు నుంచి వెనకకు చూస్తే అది కత్తి అంచంత సన్నం. పక్క నుంచి చూస్తే వెడల్పాటి పలక. కాబట్టి ముందుకు పోవడానికి నీరు దాన్ని ఇట్టే వదులుతుంది, పక్కకు పోవడానికి ఒప్పుకోదు. నీరు గాలి కంటే 800 రెట్లకు పైగా చిక్కన. అందుకే ఏడు చదరపు మీటర్ల తెరచాపకు జవాబు చెప్పడానికి చిన్న పలక సరిపోతుంది. పడవ కొన్ని డిగ్రీలు పక్కకు జారుతూనే ఉంటుంది. ఆ కొద్ది జారుడు వల్లే పలక కూడా నీటిని మళ్లిస్తూ రెక్కలా పనిచేస్తుంది. అంటే పడవకు రెండు రెక్కలు ఉన్నాయి. ఒకటి గాలిలో, ఒకటి నీటిలో.

ఈ రెండు రెక్కల మధ్య పడవ ఏమవుతుంది? సీతాఫలం తిని, జారుడుగా ఉన్న గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఏటవాలుగా నొక్కండి. గింజ చివుక్కున ముందుకు దూకుతుంది. మీరు నొక్కింది పక్కల నుంచి. గింజ పోయింది ముందుకు. గాలి ఒక వైపు నుంచి, నీరు రెండో వైపు నుంచి నొక్కితే పడవ కూడా అలాగే ముందుకు జారుతుంది. గాలి ఒక్కటే ఉంటే పడవ కొట్టుకుపోతుంది. నీరు ఒక్కటే ఉంటే కదలక నిలబడిపోతుంది. రెండూ రెండు వేగాలతో ఉండి, రెండింటినీ ఒకేసారి పట్టుకున్నప్పుడే ప్రయాణం సాధ్యం. సెయిలింగ్ మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఘాట్ రోడ్డు లెక్క

ఎంత మంచి పడవైనా నేరుగా గాలి ముఖంలోకి వెళ్లలేదు. ఒక గడియారాన్ని ఊహించుకోండి. గాలి 12 అంకె నుంచి గడియారం మధ్యకు వీస్తోంది. మీ పడవ మధ్యలో ఉంది. ముక్కును పదిన్నరకూ ఒకటిన్నరకూ మధ్య ఎక్కడ పెట్టినా తెరచాప జెండాలా రెపరెపలాడుతుంది, పడవ ఆగిపోతుంది. ఇది వెళ్లకూడని మేర. గాలికి అటు 45 డిగ్రీలు, ఇటు 45 డిగ్రీలు.

ఒకటిన్నర వైపు ముక్కు పెట్టి తెరచాపను బిగించి లాగితే గాలికి వీలైనంత దగ్గరగా వెళుతున్నట్టు. మూడు వైపు తిరిగితే గాలి సరిగ్గా పక్క నుంచి వస్తుంది. తెరచాపను సగం వదలాలి. కొత్తవారికి ఇదే సులువైన దారి. తీరం నుంచి అలా వెళ్లి, వెనక్కి తిరిగి తొమ్మిది వైపు అలాగే రావచ్చు. నాలుగున్నర వైపు గాలి వెనక పక్క నుంచి వస్తుంది. చాలా పడవలకు హాయిగా, వేగంగా సాగే దిక్కు అది. ఆరు వైపు గాలి పూర్తిగా వెనక. తెరచాపను మొత్తం బయటికి వదిలేయాలి. అక్కడ మాత్రం పడవ పాత పద్ధతిలో గాలి తోపుడు మీద పోతుంది.

తెరచాపను ఎంత లాగాలి, ఎంత వదలాలి? నావికులందరూ మొదట నేర్చుకునే సూత్రం ఒకటుంది. తెరచాప ముందు అంచు రెపరెపలాడేదాకా తాడు వదలండి. ఆ రెపరెప ఆగేంతవరకే మళ్లీ లాగండి. అంతకు మించి లాగితే గాలి వంపును అంటుకుని పారడం మానేసి సుడులు తిరుగుతుంది, బలం పడిపోతుంది. దీన్ని కనిపెట్టడానికి తెరచాపకు రెండు వైపులా చిన్న ఊలు దారాలు అంటిస్తారు. రెండూ వెనక్కి సాఫీగా వాలి ఉంటే గాలి సరిగ్గా పారుతోందని అర్థం.

మరి నెక్లెస్ రోడ్డు నేరుగా గాలి ముఖంలోనే ఉంది కదా, పడవ అక్కడికి ఎలా చేరింది? తిరుమల కొండకు బస్సు ఎక్కినట్టే చేరింది. కొండకు నిటారుగా రోడ్డు వేయరు. ఏటవాలుగా ఒక వైపు వెళ్లి, మలుపు తిరిగి, రెండో వైపు ఏటవాలుగా పోతూ ఎత్తు ఎక్కుతారు. పడవ కూడా గాలికి 45 డిగ్రీలు కుడికి కొంత దూరం, మలుపు తిరిగి 45 డిగ్రీలు ఎడమకు కొంత దూరం పోతూ గాలిని ఎక్కుతుంది. నేరుగా ఒక కిలోమీటరు ఉన్న దూరానికి ఇలా సుమారు 1.4 కిలోమీటర్లు తిరగాల్సి వస్తుంది. గాలికి ఎదురు వెళ్లినందుకు కట్టే సుంకం అంతే.

ముక్కును గాలి గుండా తిప్పే ఈ మలుపును ట్యాక్ అంటారు. పడవకు కొంత వేగం ఉండగానే టిల్లర్‌ను తెరచాప వైపుకు నెట్టాలి. ముక్కు గాలిలోకి తిరుగుతుంది, తెరచాప రెపరెపలాడుతుంది, బూమ్ తల మీదుగా రెండో పక్కకు వస్తుంది. తల వంచి దాని కింద నుంచి దూరి రెండో వైపు కూర్చోవాలి. వేగం లేకుండా తిరగబోతే పడవ గాలి ముఖంలోనే చిక్కుకుపోతుంది. గాలి వెనక ఉన్నప్పుడు తిరిగే మలుపును జైబ్ అంటారు. దీనిలో బూమ్ ఒక్క ఊపున ఇటు నుంచి అటు కొడుతుంది. కొత్తవారికి తగిలే దెబ్బల్లో చాలా వరకు ఇక్కడివే. కాబట్టి జైబ్‌కు ముందు తాడును లోపలికి లాగి, తల వంచి, పడవలో ఉన్నవారందరికీ గట్టిగా చెప్పి తిరగాలి.

పడవ తనే తెచ్చుకునే గాలి

గాలి లేని రోజున స్కూటర్ నడిపినా ముఖానికి గాలి తగులుతుంది. అది మన వేగం వల్ల పుట్టిన గాలి. పడవకూ అంతే. పక్క నుంచి 10 నాట్ల గాలి వీస్తుండగా పడవ 5 నాట్లతో పోతుంటే, దానిలోని మనిషికి తగిలే గాలి 11 నాట్లకు పైనే. అది వచ్చే దిక్కు కూడా పక్క నుంచి ముందుకు జరుగుతుంది. అదే పడవ గాలి వెంట 5 నాట్లతో పోతుంటే తగిలేది 5 నాట్ల గాలి మాత్రమే. గాలి సగమైతే బలం నాలుగో వంతు. గాలి పక్క నుంచి ఉన్నప్పుడు పడవ పరుగెత్తడానికీ, పూర్తిగా వెనక ఉన్నప్పుడు మందకొడిగా సాగడానికీ కారణం ఇదే.

రెండు రెక్కల సూత్రం ఎంత దూరం తీసుకెళుతుందో 2012 నవంబరులో నమీబియాలోని వాల్విస్ బేలో తేలింది. ఆస్ట్రేలియాకు చెందిన పాల్ లార్సన్ వెస్టాస్ సెయిల్‌రాకెట్-2 అనే ప్రత్యేకమైన పడవలో 500 మీటర్ల దూరాన్ని సగటున 65.45 నాట్ల వేగంతో దాటాడు. గంటకు 121 కిలోమీటర్లు. ఆ రోజు వీచిన గాలి వేగం అందులో సగం కూడా లేదు.

మామూలు పడవకు ఇంకో అడ్డంకి తను లేపే అలే. నీటిని చీల్చుకుపోయే పడవ ముక్కు దగ్గర ఒక అల, వెనక ఒక అల లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ వాటి మధ్య దూరం పెరిగి, చివరకు పడవ తను తవ్విన గుంటలోనే చిక్కుకుంటుంది. పడవ ఎంత పొడవైతే ఈ హద్దు అంత ఎక్కువ. లేజర్‌కు ఇది సుమారు 4.7 నాట్లు. మంచి గాలిలో చిన్న తేలికపాటి పడవలు ఆ గుంటను దాటి నీటి మీదికి లేచి జారతాయి. చెరువులోకి అడ్డంగా విసిరిన పెంకు కప్పగంతులు వేసినట్టు. ఆ క్షణంలో పడవ అడుగున నీటి చప్పుడు మారిపోతుంది. ఆ ఒక్క చప్పుడు కోసమే గాలి రోజుల కోసం ఎదురుచూసేవారు ఎందరో ఉన్నారు.

ఒరగడం, బోల్తాపడడం

తెరచాప బలం పైన, పలక బలం కింద. ఈ జంట పడవను ఒక పక్కకు ఒరిగిస్తుంది. పెద్ద పడవల్లో కీల్ అడుగున ఉన్న సీసం లేదా ఇనుము బరువు దాన్ని మళ్లీ నిలబెడుతుంది. ఎంత ఒరిగితే ఆ బరువు అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. చిన్న పడవకు అలాంటి బరువు లేదు. అక్కడ బరువు మనిషే. గాలి వచ్చే వైపు అంచు మీద కూర్చుని, కాళ్లను లోపలి పట్టీల కింద దూర్చి, ఒళ్లు నీటి మీదికి వెనక్కి చాచాలి. పడవ కంటే మనిషే బరువు కనుక ఈ తూకం బాగా పనిచేస్తుంది. గాలి ఉధృతంగా వచ్చినప్పుడు ఇంకో తేలిక మార్గం ఉంది. తాడు వదిలేయాలి. తెరచాపలో గాలి పోగానే పడవ నిటారుగా లేస్తుంది.

అయినా ఎప్పుడో ఒకప్పుడు పడవ బోల్తా పడుతుంది. నేర్చుకునేటప్పుడు అది ప్రమాదం కాదు, పాఠంలో భాగం. శిక్షకులు మొదటి రోజుల్లోనే కావాలని పడవను బోల్తా కొట్టించి లేపడం నేర్పుతారు. పడవ లోపల గాలి నిండిన అరలు ఉంటాయి కనుక అది మునగదు. ఈదుకుంటూ అడుగు వైపుకు వెళ్లి, బయటికి పొడుచుకొచ్చిన డాగర్‌బోర్డ్ మీద నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే పడవ లేస్తుంది. ఎట్టి పరిస్థితిలోనూ పడవను వదిలి ఒడ్డుకు ఈదడానికి ప్రయత్నించకూడదు. నీటిలో మనిషి తల ఎవరికీ కనిపించదు. తేలే పడవ అందరికీ కనిపిస్తుంది.

గాలిని చదవడం

తూర్పారబట్టే రైతు గుప్పెడు పొట్టు పైకెత్తి గాలి దిక్కు చూసుకుంటాడు. నావికుడికి నీరే ఆ పొట్టు. నీటి మీద నల్లగా ముడతలు పడ్డ మేర మీ వైపు వస్తోందంటే బలమైన గాలి తెర వస్తోందని అర్థం. అద్దంలా మెరిసే చోట గాలి లేదు. 1805లో బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ గాలి బలాన్ని 0 నుంచి 12 వరకు అంకెలతో కొలిచే పద్ధతి రూపొందించాడు. తర్వాత దానికి నీటి మీద కనిపించే గుర్తులు జోడించారు. చిరు అలలు గాజులా ఉంటే రెండు. అక్కడక్కడ తెల్ల నురగ కనిపిస్తే మూడు. కొత్తవారికి రెండు, మూడు అంకెలు చాలు. నీరంతా తెల్ల నురగలతో నిండితే ఆ రోజు ఒడ్డున కూర్చుని చూడడమే మంచిది.

తీరంలో గాలికి రోజువారీ లయ ఉంటుంది. పగటి ఎండకు నేల త్వరగా వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రపు చల్లగాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడి గాలి తిరగబడుతుంది. తెల్లవారుజామున నేల గాలితో వేటకు వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఒడ్డుకు రావడం తెరచాపల కాలపు మత్స్యకారులకు నిత్య జీవితం. వాళ్లు ఈ శాస్త్రాన్ని ఒంటితో చదివారు.

నగరం మధ్య ఉన్న చెరువుల్లో గాలి వేరుగా ఉంటుంది. ఎత్తైన భవనాలు గాలిని విరగ్గొడతాయి. హుస్సేన్ సాగర్‌లో గాలి క్షణక్షణం దిక్కు మారుతుందని అక్కడ పోటీపడేవారికి తెలుసు. వేసవిలో ఉరుములు వినిపిస్తే మాత్రం ఆలోచించనక్కరలేదు. నీటి నడుమ నిలువెత్తు లోహపు స్తంభం పట్టుకుని ఉండడం పిడుగుకు ఆహ్వానం. వెంటనే ఒడ్డుకు రావాలి.

మొదలుపెట్టేవారికి

ఈత రావాలి. వచ్చినా లైఫ్ జాకెట్ తప్పనిసరి. తడిసినా త్వరగా ఆరే బట్టలు, జారని చెప్పులు, టోపీ, తాగునీరు ఉండాలి. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లకూడదు. సొంత పడవ కొనాల్సిన అవసరం మొదట్లో లేదు. క్లబ్బు పడవల్లో శిక్షకుడి కళ్లముందే నేర్చుకోవాలి. ఎనిమిదేళ్ల పిల్లలకు ఆప్టిమిస్ట్ అనే చిన్న పెట్టెలాంటి పడవ ఉంది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దాన్ని పిల్లల కోసమే రూపొందించాడు. పదిహేనేళ్ల వరకు అందులో పోటీపడవచ్చు.

నీటి మీద ఎదురుపడినప్పుడు పాటించే నియమాలు కొన్నే. రెండు తెరచాప పడవలకు గాలి వేర్వేరు పక్కల నుంచి తగులుతుంటే, ఎడమ పక్క నుంచి గాలి అందుకునే పడవ తప్పుకోవాలి. ఒకే పక్క నుంచి తగులుతుంటే గాలికి దగ్గరగా ఉన్న పడవ తప్పుకోవాలి. వెనక నుంచి దాటేవారు ముందున్నవారికి దూరంగా ఉండాలి. ఈ మూడు తెలిస్తే చెరువు మీద ఎవరితోనూ గొడవ ఉండదు.

సెయిలింగ్ డబ్బున్నవాళ్ల ఆటని చాలామంది అనుకుంటారు. పడవ ధర చూస్తే ఆ అభిప్రాయం సహజమే. అయినా 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్విన హుస్సేన్ సాగర్ మీదే, పేద ఇళ్ల నుంచి వచ్చిన హైదరాబాద్ పిల్లలు ఉచిత శిక్షణతో నేర్చుకుని జాతీయ పోటీల్లో పతకాలు గెలిచారు. గాలికి ఎవరి ఆస్తీ అక్కర్లేదు. నేర్పే మనిషి, తేలే పడవ, నేర్చుకునే పట్టుదల ఉంటే చాలు.

2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తరిణి అనే తెరచాప పడవలో బయల్దేరారు. పడవ పొడవు 17 మీటర్లు. ఆరుగురిలో ఇద్దరు తెలుగువారు, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టూ తిరిగి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న అదే గోవాకు చేరారు. వాళ్లను భూగోళం చుట్టూ తిప్పిన సూత్రం, ఆప్టిమిస్ట్‌లో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లను ఒడ్డుకు చేర్చే సూత్రం ఒకటే. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క.

ఈ జులైలో ఒక సాయంత్రం ట్యాంక్‌బండ్‌కు వెళ్లండి. గాలి ఎటు నుంచి వస్తోందో ముఖంతో తెలుసుకోండి. ఒక తెరచాపను ఎంచుకుని అది ఎక్కడ మలుపు తిరుగుతుందో ముందే ఊహించండి. మీ ఊహ నిజమైన రోజున మీరు సెయిలింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టినట్టే. ఆ తర్వాత ఒడ్డున ఆగిపోకండి. చెరువు ఒడ్డునే ఉన్న సెయిలింగ్ క్లబ్బు తలుపు తట్టి, ఒకసారి పడవ ఎక్కండి.